ఒకే పాక, రెండు రిపోర్టులు

మనుషుల్ని అంచనా వేయడంలో నాకు తిరుగులేదని ఇప్పటికీ నా నమ్మకం. తప్పు చేసి దొరికిన పిల్లల ఇళ్ళకు వెళ్ళి, మంచీచెడూ విచారించి, పిల్లల కేసులు విచారించే బోర్డుకు రిపోర్టు రాయడం నా ఉద్యోగం. నూజివీడు చుట్టుపక్కల నేను తొక్కని గడప లేదు. అలాంటిదాన్ని ఒకసారి బొక్కబోర్లా పడ్డాను.

ఆ వేసవిలో విస్సన్నపేట వైపు ఒక మామిడి షెడ్డు దగ్గర వ్యాపారి కారు అద్దం పగిలింది. కాటాలో తేడా ఉందన్నందుకు అతను తోట కాపలా మనిషిని చెంప మీద కొట్టాడు. ఆ కాపలా మనిషి పిల్లలిద్దరూ కారు మీద రాళ్ళు విసిరారని కేసు. అన్నకు పదిహేడు, చెల్లెలికి పదహారు. మా వైపు కాపలా ఒప్పుకుంటే కాయ దిగేదాకా ఇంటిల్లిపాది కాపురం తోటలోనే, తలుపు లేని తాటాకు పాకలో.

పాకకు వెళ్ళి ఇద్దరితోనూ మాట్లాడి వచ్చి, పిల్లవాడి రిపోర్టు పావుగంటలో రాసేశాను. కష్టపడే కుర్రాడు, తండ్రికి తోడుగా తోటలోనే పడుకుంటాడు, అవమానం చూసి ఆవేశపడ్డాడు, ఇంటికి పంపవచ్చు. పిల్లదానికి మాత్రం రెండు పేజీలు పట్టింది. ఎదురు మాట్లాడుతుంది, ఫోన్ ఎక్కువ, తలుపు లేని పాకలో పడుకుంటుంది, రక్షణ లేదు, బాలికల హోముకు పంపాలి. ఆ పిల్ల మేలు కోరే రాస్తున్నాననుకున్నాను.

మర్నాడు మళ్ళీ పాకకు వెళ్ళి రెండూ చదివి వినిపించాను. తల్లి చేతిలో చేట పక్కన పెట్టింది.

"ఇద్దరూ ఒక్క పాకలోనే పడుకుంటారు కదండీ. వాడికి మంచిదైన పాక దీనికి చెడ్డదెలా అయిందండీ?"

ముందు ఆమె మీద కోపం వచ్చింది, ఆ వెంటనే నా మీద. తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు అని మా అమ్మమ్మ అన్నప్పుడల్లా ఇల్లు పీకి పందిరేసినదాన్ని. ఇప్పుడు ఆ మాటనే ఆఫీసు భాషలో రాసి కింద సంతకం పెట్టాను. సిగ్గేసింది.

పక్కనే నిలబడ్డ పిల్ల అంది: "రాయెందుకు విసిరావని అన్నయ్యనడిగారు. నన్నేమో ఫోన్లో ఎవరని అడిగారు."

"సరే, ఇప్పుడడుగుతున్నా. ఎందుకు విసిరావమ్మా?"

"మా నాన్నని కొట్టాడండీ. అన్నయ్య అసలు విసరలేదు. నన్నొక్కదాన్నే అంటారని తనూ విసిరానన్నాడు. రెండు రాళ్ళూ నేనే వేశాను."

అన్న తల దించుకున్నాడు. రెండు రిపోర్టులూ అక్కడే చించేశాను.

కొత్తదాంట్లో ఉన్నదున్నట్టు రాసి, పిల్లను ఇంటికే పంపమన్నాను. బోర్డులో ఒకాయన, "ఆడపిల్లకి ఇంత దూకుడేంటండీ?" అన్నారు.

"మగపిల్లాడైతే ఈ మాట అడిగేవారా అండీ?" అన్నాను. బోర్డు నా రిపోర్టుకే ఒప్పుకుంది.

అన్నాచెల్లెళ్ళు తల్లి వెంట తోటకు వెళ్ళిపోయారు. అంతకుముందు రక్షణ పేరుతో నేను హోముకు పంపిన ఆడపిల్లలున్నారు. వాళ్ళలో ఒక్కరినైనా ఎందుకు చేశావమ్మా అని నేను అడగలేదు.