సాక పోసిన చెయ్యి

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలోని కల్లు కాంపౌండ్‌ను అమ్మేస్తున్నారని తెలిసి, వాడకట్టులో వాళ్లంతా పోశవ్వను ఓదార్చడానికి వచ్చారు. ఆమెకు ఓదార్పు అక్కర్లేదు. ఎప్పుడు అమ్ముతారా అని ఆమె ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తోంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి కల్లు లొట్లు వంచి వంచి నడుం పోయింది, మోకాళ్లు పోయాయి. తన సగం తాను తీసుకుని, ఎక్కడో ఒక గది చూసుకుని, పొద్దెక్కేదాకా పడుకోవాలి. ఈ వయసులో ఇంతకన్నా పెద్ద కోరిక ఎవరికైనా ఎందుకుంటుంది?

సగం అనడం అత్యాశేం కాదు. మామ ఆ జాగాను ఇద్దరు కొడుకుల పేర రాసి పోయాడు. పెద్దవాడు బిచ్చయ్య, పోశవ్వ భర్త. అతను పోయాక దుకాణం ఆమే నడిపింది. చిన్నవాడు ఎల్లేష్ కోఠిలో బట్టల దుకాణంలో గుమాస్తా. పండగలకు వచ్చి, వదిన వండింది తిని, ఒక సీసా తాగి పోయేవాడు. చెడ్డవాడని ఎవరూ అనలేరు. అందుకే తర్వాత జరిగింది పోశవ్వకు ఇంకా మింగుడుపడలేదు.

వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. పొద్దున బండి మీంచి కల్లు దిగగానే మొదటి ముంత అమ్మరు. కాంపౌండ్ మూలనున్న ఎల్లమ్మ గద్దె ముందు, అమ్మవారి వంతుగా నేల మీద ధారగా సాక పోస్తారు. దుకాణం ఎవరిదైతే వాళ్లే పొయ్యాలి; ముంత చేతులు మారితే దుకాణం చేతులు మారినట్టే. మామ పోశాడు, బిచ్చయ్య పోశాడు, ఆ తర్వాత పోశవ్వ. జ్వరంతో వణుకుతున్నప్పుడు కూడా గోడ పట్టుకుని పోసిందే గాని, ముంత ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

బోనాల మర్నాడు మాత్రం ఇచ్చింది. ముందురోజు జాతరంత గిరాకీ. తెల్లారేసరికి మోకాళ్లు వాచి వంగనంటున్నాయి.

"ఇటియ్యి వదినా, నేను పోస్త. నువ్వు జర కూసో," అన్నాడు ఎల్లేష్.

పాపం, ప్రేమగానే అన్నాడు. ఆమె ముంత ఇచ్చి కూర్చుంది. కూర్చోవడం ఎంత హాయిగా ఉందంటే, చుట్టూ ఎవరున్నారో కూడా చూసుకోలేదు. ఉన్నది కల్లుగీత సంఘం పెద్దలు.

అబిడ్స్‌లో లాడ్జి నడిపే ప్రహ్లాద్ సేటు జాగా కొంటానని బేరానికి వచ్చాక సంఘం కూర్చుంది. సంఘం పెద్ద బాలయ్య గౌడ్ తీర్పు చెప్పాడు.

"పోశవ్వ తన చేత్తోని ముంత ఎల్లేష్‌కు ఇచ్చింది. మేమంత చూసినం. ఇగ దుకాణం గాయనదే. వదినెను మంచిగ అర్సుకుంటడు."

పోశవ్వ మరిది వైపు చూసింది. వదినకు కాళ్లు నొప్పిగా ఉన్నాయని అందుకున్నాను అని అతను అంటే చాలు. ఎల్లేష్ తన చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాడు. జాలిపడి అందుకున్న ముంతతో ఇంత ఆస్తి వస్తుందని అతనికీ అప్పుడే తెలిసినట్టుంది. పోశవ్వ గొడవ చేయలేదు. గొడవకైనా ఒంట్లో సత్తువ ఉండాలి కదా. కోపం మాత్రం పచ్చిగా లోపలే ఉండిపోయింది.

అయితే సర్కారు కాగితాలకు సాక సంగతి పట్టదు. బిచ్చయ్య భార్య సంతకం లేకుండా రిజిస్ట్రేషన్ కాదని సేటు వకీలు తేల్చేశాడు. దాంతో ఎల్లేష్ ఆపిల్ పళ్లు పట్టుకుని వదిన దగ్గరికి వచ్చాడు. గేటు దగ్గర ఉడకబెట్టిన శనగ గుడాలు అమ్మే స్వర్ణ చెయ్యి ఆపి ఇటే చూస్తోంది.

"ఒక్క సంతకం పెట్టు వదినా. సగం నీకిస్త. పెద్దమనుషులకు చెప్పకుంటనే ఇస్త."

"పెడ్త. గా పొద్దు ముంత ఎందుకు తీస్కున్నవో సంఘంల చెప్పు."

"పైసలిస్తనంటున్న గద. గా ముచ్చట ఇప్పుడెందుకు?"

"నేను దుకాణం ఇచ్చిన్నా? నా కాళ్లు నొస్తున్నయని నువ్వు పోసినవా? గదొక్కటి చెప్పు."

"గంతమందిల నా ఇజ్జత్ పోతది వదినా."

"నాది పోయిందాయె."

ఎల్లేష్ పళ్లు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండానే సేటు వేరే జాగా చూసుకున్నాడని కబురు వచ్చింది. అమ్మకం ఆగిపోయి, దుకాణం నడిపే పని మళ్లీ పోశవ్వ నెత్తినే పడింది.

"పిచ్చిగాని పట్టిందా అక్కా? సగం ఇస్తనంటే కాలదన్నుకుంటివి," అంది స్వర్ణ.

"ఇస్తనన్నడు స్వర్ణా. దానం చేసినట్టు ఇస్తనన్నడు. అది నీదే వదినా అని ఒక్కపారి అనకపాయె."

రేపటికి ఎన్ని లొట్లు కావాలో బండివాడికి చెప్పాల్సిన వేళయింది. మళ్లీ రేపు, ఎల్లుండి, ఆ తర్వాత కూడా అనుకోగానే పోశవ్వకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఫోన్ తీసి చెప్పింది.