ఇద్దరు లెర్వాలు, ఒక్క పౌరురాలు

మా లెర్వా అత్త ఆస్ట్రేలియా పౌరురాలైపోయిందన్న సంగతి ప్రభుత్వానికి తెలుసు, ఆమెకే తెలియదు.

తెలిసింది ఫోనులో. గోధుమ కోతల రోజులు. వీధిలో ధాన్యం లారీలు పోతుంటే మా వంటింట్లో గిన్నెలు వణుకుతున్నాయి. బల్ల మీద ఫోను పెట్టి, చుట్టూ అత్త, నాయనమ్మ, నేను కూర్చున్నాం. అటువైపు ఆఫీసు అమ్మాయి ఇంగ్లీషులో ఒక మాట అంటుంది. మధ్యలో, బర్మా నుంచి వచ్చిన మా కరెన్ల భాష తెలిసిన దుబాసీ దాన్ని మాకు చెబుతాడు. ఆయన ఎక్కడి నుంచి మాట్లాడుతున్నాడో కానీ వెనక కోడి కూస్తోంది.

"మీరు నోనా అని అడుగుతున్నారమ్మా."

"యెస్" అంది అత్త, ఇంగ్లీషులో, గట్టిగా.

దుబాసీ మళ్ళీ అందుకున్నాడు. "నో అంటారా, యెస్ అంటారా, ఏదో ఒకటి చెప్పమంటున్నారు."

ఇది మాకు కొత్త కాదు. 'నో' అనేది మా ఆడవాళ్ళ పేరు ముందు పెట్టే మర్యాద మాట. ఇంటిపేర్లు మాకు లేవు. థాయిలాండు సరిహద్దు శరణార్థుల క్యాంపులో మా కాగితాలు రాసినవాళ్ళకు రెండు గడులు నింపాలి కాబట్టి, ఒకదాంట్లో 'నో' వేసి రెండోదాంట్లో అసలు పేరు పడేశారు. అప్పటి నుంచి ఊళ్ళో నర్సు "నో!" అని పిలిస్తే బెంచీ మీదున్న కరెన్ ఆడవాళ్ళందరం లేచి నిలబడతాం. మిగతావాళ్ళు ఆమె మమ్మల్ని కసురుతోందనుకుంటారు.

"లెర్వా! నో లెర్వా! జనవరి ఒకటిన పుట్టాను!" అని అత్త ఫోనులోకి అరిచింది.

జనవరి ఒకటి కూడా కొత్త కాదు. అత్త వరి నాట్లప్పుడు పుట్టింది. నాట్లకు తేదీ వేయడం ఆ రాసేవాళ్ళకు చేతకాక, తేదీ తెలియనివాళ్ళందరికీ జనవరి ఒకటి వేశారు. ఆ రోజు మా వీధి వీధంతా పుట్టినరోజే. బేకరీ ఆయన కొవ్వొత్తులు విడిగా తెప్పిస్తాడు.

దుబాసీ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీరు సెప్టెంబరులోనే టౌన్ హాల్లో ప్రమాణం చేశారట. సర్టిఫికెట్టు కూడా తీసుకున్నారట. ఇంకోసారి ఇవ్వడం కుదరదంటున్నారు."

అత్త నోరు తెరిచింది. నమిలే వక్క కింద పడింది.

"నేనా? ఏం కట్టుకుని వెళ్ళానంట?"

"అది వాళ్ళ దగ్గర రాసి లేదమ్మా."

ఫోను పెట్టేశాక అత్త చాలాసేపు తన చేతులకేసి చూసుకుంది. నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. ఈ పౌరసత్వం కోసం ఆమె పడ్డ పాట్లు నేను చూస్తూనే ఉన్నాను. కోళ్ళ ఫ్యాక్టరీలో రెక్కలు కోస్తూ పెదాలతో పాఠాలు వల్లించేది. పరీక్ష రెండుసార్లు తప్పింది. తెలియక కాదు. కంప్యూటరు మూడు జవాబులు చూపిస్తే, రెండింటిని కాదని ఒక్కదాన్ని ఎంచుకోవడం ఆమెకు అమర్యాదగా తోచి, వంతులవారీగా అన్నింటినీ నొక్కి వచ్చేది. మూడోసారి గుండె రాయి చేసుకుని పాసైంది.

ఇదంతా మా చిన్నత్త కోసం. ఆమె నది దాటి క్యాంపుకు వచ్చేసరికి పేర్లు రాసుకోవడం ఆపేశారు. పేరు లేకపోతే కార్డు లేదు, కార్డు లేనివాళ్ళను ఏ దేశమూ పిలవదు. మేం విమానమెక్కాం, ఆమె వెదురు కంచె దగ్గర నిలబడిపోయింది. ఇప్పుడు ఆమె కూతురి పెళ్ళి, వానలు మొదలయ్యేలోపు. అత్త వెళ్ళాలంటే పాస్‌పోర్టు కావాలి. పాస్‌పోర్టుకు పౌరసత్వం కావాలి. అది ఉందట, ఆమె దగ్గర తప్ప.

"నాకు అర్థమైంది. నా క్లా వెళ్ళింది" అంది అత్త చివరికి.

క్లా అంటే మనిషిలోని ప్రాణం. భయపడితేనో, మరీ ఆశపడితేనో ఒంటిని వదిలి తిరగడానికి పోతుంది.

"నాకన్నా దానికి తొందరెక్కువ. ముందే వెళ్ళి ప్రమాణం చేసేసింది. మేయరు చెయ్యి కూడా ఊపేసి ఉంటుంది, సిగ్గులేనిది!"

"అయితే పిలుద్దాం" అంది నాయనమ్మ, అంత తేలిగ్గా.

ఆ ఆదివారం ముంగిట్లో తెల్లదారం, అన్నం ముద్ద, అరటిపళ్ళు, చెరకు ముక్క పెట్టాం. నాయనమ్మ చెక్క గరిటెతో గడప మీద టకటకా కొడుతూ గొంతెత్తింది.

"ప్ర్ర్ర్, లెర్వా, రా! టౌన్ హాల్లో ఉన్నా రా! మేయరు పక్కన కూర్చున్నా లేచి రా! సూపర్ మార్కెట్లో సగం ధర సామాన్ల దగ్గరున్నా వదిలేసి రా! లెర్వా, ఇంటికి రా!"

గేటు కిర్రుమంది.

"వస్తున్నా, వస్తున్నా! ఎందుకంత గోల? వీధి చివరికి వినిపిస్తోంది!"

వచ్చింది చర్చి లెర్వా. మా ఊళ్ళో లెర్వాలు ఇద్దరు. చర్చిలో పాడుతుంది కాబట్టి ఈమె చర్చి లెర్వా. మా అత్త గోంగూర లెర్వా. కౌన్సిలు ఇచ్చిన స్థలంలో ఇద్దరి కూరమళ్ళూ పక్కపక్కనే ఉంటాయి. అత్త గోంగూర గట్టు దాటి తన టమాటాలకు నీడ పడుతోందని ఈమె, నీడ అడ్డం పెట్టి ఈమె గోంగూర కోసుకుంటోందని అత్త రోజూ తగువే. ఇద్దరూ నో లెర్వాలే. ఇద్దరూ జనవరి ఒకటే. సంవత్సరం కూడా ఒకటే.

ముందు నేనే అడిగాను. "పిన్నీ, సెప్టెంబరులో నువ్వు ప్రమాణం చేశావు కదూ?"

"చేశాను. అందరూ చప్పట్లు కొట్టారుగా. మీ అత్త మాత్రం ఆవలించింది."

అత్త లేచి నిలబడింది. "ఓహో! అయితే నా పౌరసత్వం మింగింది నువ్వా?"

"నీదెందుకు మింగుతానే? నేను ఒక్కసారికే పాసయ్యాను. నీలాగా కంప్యూటరుకు మొహమాటపడలేదు."

"గోంగూర మింగావు, సరే అన్నాను. ఇప్పుడు ఏకంగా నన్నే మింగేశావు!"

సంగతి తేలిపోయింది. ఆ ఆఫీసులో ఇద్దరి కాగితాలూ చూసి, ఒక్కతే రెండుసార్లు అడిగిందనుకుని ఒకరి పేరు కొట్టేశారు. నాకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. నాయనమ్మ మాత్రం, క్లా మళ్ళీ పోకుండా కట్టే ఆ తెల్లదారం తీసి ముందు చర్చి లెర్వా మణికట్టుకు కట్టింది.

"దానికెందుకమ్మా?" అంది అత్త.

"పిలిచాను, వచ్చింది. వచ్చినదాన్ని కట్టకుండా పంపకూడదు. ఇప్పుడు నీ చెయ్యి పట్టు. క్లా ఏ ఒంట్లోకి దూరాలో తికమక పడుతుంది, ఇద్దరూ దగ్గరగా కూర్చోండి."

ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా, భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు.

జనవరిలో నగరానికి బయలుదేరాం. వ్యాను చర్చి లెర్వాది. ఆమె రాకపోతే పని జరగదని నేను చెబితే, "నాకు వేరే పనుందిలే" అని గొణిగి, తెల్లారేసరికి కొత్త లుంగీ కట్టుకుని మా గేటు ముందు హారను కొట్టింది. దారి పొడుగునా అత్త ఒక్క ఇంగ్లీషు వాక్యమే వల్లించింది. 'ఆమె వేరు, నేను వేరు.'

"వేరు అని సాగదీసి అను. అలా ముక్కలు చేస్తే ఎవరికి అర్థమవుతుంది?" అంది చర్చి లెర్వా.

"నీ పాట నువ్వు పాడుకో."

కౌంటరు దగ్గర ఎర్రజుట్టు కుర్రాడు కూర్చున్నాడు.

"మీలో నో లెర్వా ఎవరు?"

"నేను" అన్నారు ఇద్దరూ.

"ఒక్కొక్కరూ చెప్పండి."

"నేను" అన్నారు, ఒకరి తర్వాత ఒకరు.

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరిద్దరూ వేరువేరని ఎలా నమ్మాలి?"

అత్త వాక్యం మొత్తం మరిచిపోయి కరెనులో అందుకుంది. నేను మెల్లగా ఇంగ్లీషులోకి మార్చాను. "దాని టమాటాలు చూడండి బాబూ, గోళీల్లా ఉంటాయి. నావైతే అలా ఉంటాయా?"

"ఈవిడ చేపల పచ్చడిలో కారం తక్కువ బాబూ. అది నేను చేశానని ఎవరైనా అంటే పరువు తక్కువ" అంది చర్చి లెర్వా.

"నేను దీనికన్నా పెద్దదాన్ని."

"మహా పెద్దది! కాగితంలో ఒకే రోజు పుట్టాం."

"కాగితం మనల్ని కనలేదు కదే!"

ఆ కుర్రాడు బల్ల మీద తల వాల్చి నవ్వాడు. తర్వాత ఇద్దరి వేళ్ళూ చిన్న అద్దం మీద పెట్టించి తెర చూశాడు.

"నిజంగా ఇద్దరే" అన్నాడు.

అత్త చర్చి లెర్వాను గట్టిగా కౌగిలించుకుంది. వెంటనే గుర్తొచ్చి వదిలేసింది.

మార్చిలో ఊళ్ళో టౌన్ హాలు నిండింది. అందరూ కలిసి ప్రమాణం చదివారు. తర్వాత మేయరు ఒక్కొక్క పేరే పిలవడం మొదలుపెట్టాడు. "నో లెర్వా" అన్నాడు.

అత్త కదల్లేదు. వెనక్కి తిరిగి చర్చి లెర్వాకు సైగ చేసింది. "నిన్నే, వెళ్ళు."

"నన్నెందుకు? నేను పోయినసారే అయిపోయాను! నువ్వు లే!"

"నిజంగా నన్నేనా?"

"ఇంకెవరినే? లేస్తావా, ఇంకోసారి నేనే వెళ్ళిపోనా?"

అత్త పరుగెత్తింది. వేదికెక్కి మేయరు చెయ్యి పట్టుకుని, ఆ కంగారులో తనకు బాగా వచ్చిన ఇంగ్లీషు వాక్యమే గట్టిగా అనేసింది. "ఆమె వేరు, నేను వేరు!" మేయరుకు అర్థం కాకపోయినా తల ఊపాడు. మా వీధివాళ్ళంతా కుర్చీలు కొట్టి నవ్వారు. సర్టిఫికెట్టుతో పాటు ఒక మొక్క ఇచ్చారు. కింద నుంచి చర్చి లెర్వా కేకేసింది. "నాది చచ్చిపోయింది, ఇంకోటి అడుగు!"

మర్నాడు పాస్‌పోర్టు ఫొటో తీయించడానికి పోస్టాఫీసుకు వెళ్ళాం. అక్కడ కొత్త చిక్కు వచ్చింది. ఫొటోలో నవ్వకూడదట. అత్తకు నిన్నటి నుంచీ మూతి మూతపడటం లేదు. పెదాలు నొక్కిపెడితే బుగ్గలు ఉబ్బుతాయి. బుగ్గలు లోపలికి లాగితే కళ్ళు నవ్వుతాయి. ఫొటో తీసే అమ్మాయి తీసినవన్నీ చెరిపేస్తోంది.

"ఏదైనా బాధ తలుచుకో అత్తా" అన్నాను.

"తలుచుకున్నాను. చెల్లెలు కంచె దగ్గర నిలబడింది. ఇంతలో దానికి నేను వస్తూ కనబడ్డాను. ఎట్లా నవ్వకుండా ఉంటానే?"

చర్చి లెర్వా కెమెరా వెనక్కి వెళ్ళి నిలబడింది. "లెర్వా, నీకొక మాట చెప్పనా? పొద్దున నీ గోంగూర మడి మొత్తం కోసేశాను."

అత్త మొహం బిగుసుకుపోయింది. కెమెరా క్లిక్‌మంది.

ఆ పాస్‌పోర్టు ఇప్పుడు నాయనమ్మ ఇచ్చిన తెల్లదారం చుట్టతో పాటు అత్త సంచిలో ఉంది. పై వారం ప్రయాణం. ఫొటోలో మా అత్త చెల్లెల్ని చూడబోతున్న మనిషిలా లేదు, గోంగూర పోయిన మనిషిలా ఉంది.

ఫొటో తీయించిన రోజు తిరిగొస్తూ చూస్తే మడి నిజంగానే ఖాళీ. చర్చి లెర్వా పెరట్లో, చాప మీద గోంగూరంతా పరిచి ఎండబెట్టి ఉంది. పక్కన మూట కట్టడానికి గుడ్డ. "పెళ్ళి విందుకు ఉత్త చేతులతో వెళ్తావా?" అంది. అత్త అరిచిన అరుపుకు, వీధిలో పోతున్న ధాన్యం లారీ ఆగింది.