ఆగితే అడిగేవారు

ఇవాళ సోమవారం. ఉదయం పదకొండు గంటల ఐదు నిమిషాలు. నీడలో ముప్పైతొమ్మిది డిగ్రీలు, ఆకు కదలడం లేదు. పక్కింటివారు మజ్జిగలో అల్లం, కరివేపాకు నలిపి వేసినట్టున్నారు. ఆ వాసన కిటికీ దాటి రాగానే మనసు 1974కు, పాతబస్తీ మొఘల్‌పురాలోని చిన్న అచ్చాఫీసుకు వెళ్లిపోయింది. దాని యజమాని యాదగిరి గారి దగ్గర నేను పదకొండేళ్లు ప్రూఫులు దిద్దాను. ఆయన చదువు ఏడో తరగతి. అయినా ప్రతి పదాన్నీ సీసపు అక్షరంలాగే వేలితో తడిమి చూసేవారు. నేనైతే తేదీ లేని మాటను నమ్మేవాణ్ణి కాదు.

ఆ ఏప్రిల్‌లో గౌలిపుర నుంచి పాలమ్మే మల్లమ్మ వచ్చింది. ఎండకాలమంతా వీధి మలుపులో దారినపోయేవారికి ఉచితంగా మజ్జిగ పోసేది. అక్కడ కొత్తగా గిన్నెల దుకాణం తెరిచిన సేటు, కుండలు తన మెట్లకు అడ్డమని, వారంలో తీసేయమన్నాడట. గోడకు అంటించడానికి ఆమెకొక కాగితం కావాలి: ‘ఆనవాయితీ ప్రకారం ఇక్కడ మజ్జిగ పోయబడును.’

నేను ‘ఆనవాయితీ’ మీద ఎర్రగీత గీశాను.

“ఏ సంవత్సరం నుంచమ్మా?”

“నాకేమెరుక బిడ్డా? మా అత్త పోసింది, ఆమె పోయినంక నేను పోస్తున్న.”

“సంవత్సరం తెలియకుండా ఆ మాట వేయలేము.”

“గా మాట లేకుంటె సేటు నా కుండలు ఉంచనిస్తడా? నీ సంవత్సరం తాగితే దూప తీర్తదా?”

యంత్రం వెనక నుంచి యాదగిరి గారు పగలబడి నవ్వారు. నన్ను తప్పు మాత్రం పట్టలేదు.

“మల్లమ్మా, రేపొక్కరోజు కుండలు పెట్టకు. ఏమయ్యా లెక్కలాయనా, నువ్వు పోయి ఆడ కూసో. మజ్జిగ ఆగితే అడిగెటోళ్లున్నరా చూడు. ఉంటే గదే ఆనవాయితీ. లేకుంటే నీ గీత అట్లనే ఉండనీ.”

మరునాడు పది గంటలకు నోటుపుస్తకంతో మలుపులో కూర్చున్నాను. రిక్షావాళ్లు, బడిపిల్లలు, జామపండ్ల బండివాడు ఒకరి తర్వాత ఒకరు నన్నే నిలదీశారు. “అమ్మ ఏది? పానం బాగలేదా?” ఒకాయనైతే కుండలు నేనే దాచానని లొల్లి పెట్టుకున్నాడు. మనిషికొక గీత గీశాను. ఒంటిగంటకు పుస్తకం మూయబోతుండగా సేటు మెడ తుడుచుకుంటూ మెట్లు దిగాడు. చేతిలో తళతళలాడే కొత్త లోటా.

“ఏం భాయ్, ముసలమ్మ ఇంక రాలే? గొంతెండుతుంది.”

ఆయన కళ్లెదుటే మరో గీత గీశాను. ఆ గీతలెందుకో చెప్పాక సేటు తన లోటా వంక చూసుకుని నవ్వేశాడు.

“మెట్లు రెండు దిక్కులున్నయి గదా. ఒక దిక్కు ఆమె కుండలు పెట్టుకోనీ.”

ఆ సాయంత్రం యాదగిరి గారు ‘ఆనవాయితీ’ పదాన్ని పెద్ద అక్షరాలతో స్వయంగా కూర్చారు. ఏ ఆచారం గురించి విన్నా, అది ఏ ఏడు మొదలైందని నేను ఈనాటికీ అడుగుతాను. అయితే అది రెండో ప్రశ్న. ఆ నోటుపుస్తకం నా దగ్గరే ఉంది. ఆ రోజు పది నుంచి ఒంటిగంట వరకు మజ్జిగ ఏదని అడిగినవారు, సేటుతో కలిపి, ఎనభైమూడు మంది.