లెక్కల మిషనుకి ఆయుధపూజ

మొన్న వట్లూరులో మా మనవరాలి కాలేజీలో ఏదో ఎగ్జిబిషనంటే వెళ్లాను. పాత సామాన్ల మధ్య టైప్‌రైటరంత లెక్కల మిషనొకటి, దాని పక్కన కాపలాగా ఓ పిల్ల. "ముట్టుకోకండి మామ్మగారూ, పాడైపోద్దండి" అంది. నాకు నవ్వాగలేదు. అలాంటిదాన్ని విప్పి, తుడిచి, మళ్లీ బిగించిన చేతులమ్మా ఇవి!

నేను ఏలూరులో కాలవల ఆఫీసులో టైపిస్టుగా చేరిన కొత్తలో, కొల్లేరు డ్రెయిన్ల మట్టిపని లెక్కలన్నీ పిడి తిప్పే మిషను మీదే. దాని గరగరకి పొద్దుగూకేసరికి తల పగిలిపోయేది. అప్పుడొచ్చింది కరెంటు మిషను. స్విచ్చి వేస్తే గాజు గొట్టాల్లో నారింజరంగు అంకెలు నిప్పుకణికల్లా వెలిగేవి. మీట మెత్తగా నొక్కితే చాలు, ఎంత గుణకారమైనా అయిపోయేది. మగవాళ్లంతా షాకు కొడుతుందేమోనని దూరంగా నిలబడి మెచ్చుకునేవారు. నేను వెళ్లి కూర్చున్నాను. "టైపు కొట్టే అమ్మాయికి ఇదెందుకండీ?" అని గొణిగారు. ఇంజనీరుగారు మాత్రం, "దసరా పండగ వెళ్లాక డ్రెయిను లెక్క చేసి చూపించమ్మా. కుదిరితే ఈ సీటు నీదే, లేకపోతే మళ్లీ టైపే" అన్నారు. ఆ సీటు నాకెంత కావాలో చెప్పలేను.

దసరాకి ఆఫీసులో ఆయుధపూజ. హెడ్ క్లర్కుగారు నాకు వరసకి బాబాయి, మహా భక్తుడు. బీరువాకీ టైప్‌రైటరుకీ బొట్టు పెట్టి ఊరుకుంటే సరిపోయేది కదా! కొత్త మిషనని మీట మీటకీ పసుపు ముద్ద రాసి, కుంకుమద్ది, పైన కలశం నీళ్లు కూడా చల్లారు. పండగ వెళ్లి వచ్చి ఏడు నొక్కితే మీట పైకి లేవదు. "నా చేతులారా నీ సీటు పోగొట్టానే అమ్మాయ్" అని బాబాయి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఏడుపు తర్వాత బాబాయ్, ముందు ప్లగ్గు పీకండి" అన్నాను. టైప్‌రైటరు తుడిచే స్పిరిటు, కాస్త దూది, నా తలలోని పిన్ను తీసుకుని కూర్చున్నాను. మీటలన్నీ ఊడదీసి, గట్టిపడిన పసుపు గీకి, మధ్యాహ్నం దాకా ఆరబెట్టి బిగించాను. "రిపేరుకి మెడ్రాసు పంపించేద్దామండీ" అని వెనక గుసగుసలు. ఇంజనీరుగారు రాగానే స్విచ్చి వేశాను. అంకెలు వెలిగాయి. డ్రెయిను లెక్క ఆయన ఎదుటే చేసి చూపించాను. పాత మిషను మీద వేసిన దాంతో సరిచూసుకుని, ఆయనే కుర్చీ నావైపు జరిపి, "కూర్చోమ్మా" అన్నారు.

కొన్నేళ్లకే జేబులో పట్టే కాలిక్యులేటర్లొచ్చి దాన్ని మూలకి తోసేశాయి. ఆ తర్వాత కంప్యూటరొచ్చింది. "దీని ముందు ఎవరు కూర్చుంటారు?" అని ప్రతిసారీ అడుగుతూనే ఉన్నారు. కాలం ఎప్పుడు కొత్త మిషను తెచ్చినా, వాళ్లు ఆ మాట పూర్తి చేసేలోపు నేను కూర్చునే ఉన్నాను.