మూడోసారి చెప్పవలసిన మాట

లోర్నా ఇంట్లో మేరీమాత బొమ్మ పక్కన పాలల్లో కలుపుకునే మైలో పొడిది ఒక పాత డబ్బా ఉంటుంది. అందులో ఆమె తండ్రి సిరిల్ ఉరానో జుట్టు, పిడికిట్లో పట్టేంత, ఇస్త్రీ రుమాల్లో చుట్టి ఉంది. కన్నుమూయడానికి వారం ముందు ఆయనే తలవంచి కూర్చుని, కూతురి చేత కత్తిరింపించుకున్నాడు.

"మా నాన్నది అక్కడుంది. దాని పక్కన పెట్టు తల్లీ. ఒకచోట ఉన్నట్టవుతుంది" అన్నాడు.

ఆ "అక్కడ" జపాన్‌లో కీషూ తీరాన ఒక పల్లె. అక్కడినుంచే సిరిల్ తండ్రి కుమకిచి ముత్యపు చిప్పల కోసం సముద్రంలో మునగడానికి ఆస్ట్రేలియాలోని మా బ్రూమ్‌కు వచ్చాడు. ఆ ఊళ్ళో మగవాళ్ళు దూరదేశం వెళ్ళేముందు కాస్త జుట్టు, గోళ్ళు తల్లి చేతికిచ్చి వెళ్ళేవారు. ఒక ఏడు గాలివానకు పడవతో సహా ఆయన పోయాడు. సిరిల్ అప్పటికి ఇక్కడ తల్లి కడుపులో ఉన్నాడు. కుమకిచి శవం దొరకలేదు. పల్లెలో ఆయన తల్లి ఆ జుట్టునూ గోళ్ళనూ చిన్న కుండలో పెట్టి తమ ఇంటి తరతరాల సమాధిలో ఉంచింది. మా ఊరి జపాను శ్మశానంలో రాళ్ళు వరసలు వరసలుగా ఉన్నా వాటిలో కుమకిచిది లేదు. మట్టిలో ఆయన మిగిలి ఉన్నదంటే ఆ కుండలోనే.

సిరిల్ పోయిన ఏడే ఆ పల్లె నుంచి ఒక ముసలాయన తమ ఊరివాళ్ళ సమాధులు చూసుకోవడానికి బ్రూమ్ వచ్చాడు. లోర్నా చేపల కూర, అన్నం పెట్టింది. ఆయన దుబాసీ ద్వారా చెప్పాడు: కుమకిచి తమ్ముడి కూతురు ఫుసాఎ ఇంకా ఉంది. పెళ్ళి చేసుకోలేదు, ఒంటరిది, ఎనభై దాటింది. ఆ సమాధికి నీళ్ళు పోసేది ఆమె ఒక్కతే. దిక్కులేని సమాధుల్ని ఈమధ్య ఒక్కొక్కటే మూసేస్తున్నారు. రాయి పీకేసి, లోపలున్నవి తీసి గుడివాళ్ళ ఉమ్మడి గుంటలో పోస్తున్నారు. వెళ్తూ వెళ్తూ ఫుసాఎ ఫోను నంబరు ఇచ్చాడు.

అలా అరవై దగ్గరపడ్డాక లోర్నా జపాను భాషకు కూర్చుంది. పొద్దున బడి క్యాంటీన్లో పిల్లలకు వండేది. బుధవారం సాయంత్రం ఫోను కిటికీకి ఆనించి, తెర మీద కనిపించే తోటి విద్యార్థులకు తల వంచి నమస్కరించేది. పసిఫిక్ సముద్రంలోని పలావు దీవిలో పడవ నడిపి మానేసిన రెంగీల్ ఒకడు, పెర్త్‌లో ఒక నర్సు, మరికొందరు. నేర్పేది కెయిన్స్‌లో ఉండే సెత్సుకో టీచరు. జపాన్‌లో పుట్టి, ఇక్కడివాణ్ణి పెళ్ళాడి ముప్పై ఏళ్ళు దాటింది. ఆమె ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. లోర్నా కళ్ళకు అక్షరాలు ఆనడం లేదని పెద్ద అచ్చుతో ఉన్న పుస్తకం పోస్టులో పంపింది. అడిగితే పంపింది కాదు.

వాళ్ళ గుంపులో ఒక పద్ధతి ఉంది. ఎవరికి ఏ మాట అవసరమో ఆ మాటను నాటకంలా ఆడిస్తారు. లోర్నా వంతు వస్తే రెంగీలే ఫుసాఎ అత్త. తువ్వాలు తలకు చుట్టుకుని, గొంతు వణికించి, "ఎవరూ? చేపలమ్మేవాడివా? నిన్నటిది కుళ్ళిపోయింది, డబ్బులివ్వను పో" అనేవాడు జపానులో. అందరూ నవ్వేవారు. నవ్వు ఆగాక లోర్నా మళ్ళీ మొదటినుంచి చెప్పేది.

"నేనే ఫోను చేసి మీ అత్తగారికి విషయం చెప్పనా?" అని సెత్సుకో ఒకసారి అడిగింది.

"వద్దు టీచర్. మా నాన్నకు వాళ్ళ నాన్న భాష దక్కలేదు. ఈ ఒక్క మాటయినా మా ఇంటి నోటితోనే పోవాలి."

"అయితే ఒకటి గుర్తుంచుకోండి. మొదటిసారి పని మాట ఎత్తకూడదు. తలుపు తీయగానే చెయ్యి చాపితే ఎవరూ లోపలికి రమ్మనరు. మొదటిసారి పలకరింపు. రెండోసారి వాళ్ళ మాట వినడం. మూడోసారి మన మాట. మా అమ్మ అలాగే నేర్పింది."

ఈ సంగతి విని లోర్నా తమ్ముడు డెస్మండ్ సీసా మూత తీస్తూ నవ్వాడు. "ముసలావిడ ఎనభై దాటిందంటున్నావు. నువ్వు మూడోసారికి వచ్చేసరికి ఆవిడ నాన్న పక్కనే ఉంటుంది."

"నోర్ముయ్‌రా. కూర చల్లారిపోతోంది, తిను."

"తింటున్నానే. నాన్న జుట్టు పెడతాం అత్తా అని చెప్పడానికి ఇంత చదువా? నేనైతే సైగలతో చెప్పేద్దును."

"ఫోన్లో సైగలేంట్రా, పిచ్చి సన్నాసీ."

కొత్త సంవత్సరం వెళ్ళాక లోర్నా మొదటిసారి ఫోను చేసింది. కుమకిచి మనవరాలినని చెప్పింది. అవతల ముక్కు చీదిన చప్పుడు. "అక్కడ ఎండగా ఉందా అమ్మా?" అంది అత్త. చాలా ఎండ అంది లోర్నా. "ఇక్కడ నారింజలు కోస్తున్నారు" అంది అత్త. అంతే మాట్లాడుకున్నారు. ఆ బుధవారం గుంపంతా చప్పట్లు కొట్టింది. రెంగీల్ తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, "నా వేషం పోయినట్టే" అన్నాడు.

రెండోసారి మార్చి చివర్లో. చెర్రీలు పూయబోతున్నాయని అత్త చెప్పింది. మోకాళ్ళ నొప్పుల గురించి, పిల్లి తప్పిపోవడం గురించి చెప్పింది. గుడి స్వామిని కలవడానికి వెళ్ళొచ్చానంది. అలా అని కాసేపు ఆగింది. లోర్నా నాలుక చివరికి మాట వచ్చేసింది. నెలల తరబడి రెంగీల్‌కు అప్పజెప్పిన మాట, నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన మాట. కాని ఇది రెండోసారి. వినవలసిన సారి. "స్వామి కులాసాగా ఉన్నారా?" అని మాత్రం అడిగింది. కులాసాయేనంది అత్త.

మూడోది ఓబోన్‌కు ముందు, పెద్దలకు దీపాలు పెట్టే పండగ దగ్గరికి వచ్చినప్పుడు చెయ్యాలని అనుకున్నారు. అంతకన్న మంచి సమయం లేదని సెత్సుకో కూడా అంది. లోర్నా సెలవు రాయించింది. విమానం సంగతి కనుక్కుంది. మైలో డబ్బాకు కొత్త గుడ్డ కుట్టింది.

ఆగస్టు మొదట్లో ఒక సాయంత్రం, స్నానం చేసి, మేరీమాతకు కొవ్వొత్తి వెలిగించి ఫోను చేసింది. ఈసారి అత్తే ముందు మాట్లాడింది.

"నువ్వు చేస్తే బాగుండునని చూస్తున్నానమ్మా. నెలాఖరుకు ఈ ఇల్లు ఖాళీ చేస్తున్నాను. ఒసాకా దగ్గర ముసలివాళ్ళ ఆశ్రమం. నలుగురం ఒక గదిలో. ఈ ఫోను ఉండదు."

"ఓబోన్‌కు ఊళ్ళోనే ఉంటారా అత్తా?"

"ఇక నాకు ఓబోన్ ఎక్కడిది? సమాధి మూయించేశాను. జూన్ వానల్లోనే అయిపోయింది. స్వామి వచ్చి మంత్రం చదివాడు, రాయి లారీలో వెళ్ళింది. లోపలున్నవన్నీ ఉమ్మడి గుంటలో పోశారు. మీ తాతగారి కుండ కూడా. ఎవరివి ఎవరివో కలిసిపోయాయి. పైన బండ వేసి సిమెంటు పూశారు."

లోర్నా గోడకు ఆనుకుంది.

"ఆ రోజే చెబుదామనుకున్నాను" అంది అత్త. "గుడికి వెళ్ళొచ్చానన్నానే, అప్పుడు. కాని సముద్రం అవతలినుంచి పిల్ల ముచ్చటగా మాట్లాడుతుంటే, రెండో పలకరింపుకే ఏడుపు మాట ఎలా ఎత్తను? ఈసారి చేసినప్పుడు చెబుదాంలే అనుకున్నాను. వయసొచ్చింది కదా, మంచి చెడు తెలియలేదు. నన్ను క్షమించు."

ఆ ముసలి తల అక్కడ ఫోను ముందు వంగి ఉంటుందని లోర్నాకు తెలుసు. ఆ సంగతి కూడా ఆమె చదువులోనే నేర్చుకుంది.

"నువ్వేదో చెప్పాలనుకున్నట్టుంది" అంది అత్త.

డబ్బా ఎదురుగానే ఉంది, కొత్త గుడ్డలో. ఇప్పుడు చెబితే ఈ మనిషి తక్కిన రోజులన్నీ ఆ నలుగురి గదిలో ఆ మాటనే తలచుకుంటూ పడుకుంటుంది.

"ఏమీ లేదత్తా. ఇన్నాళ్ళు మా తాతకు నీళ్ళు పోశారు. ఆ మాట చెబుదామని."

"నీ మాట ఎంత బాగుందమ్మా. మా ఊరి పిల్లలకే ఇంత మర్యాద రాదు."

బుధవారం తెర మీద అందరూ ముందే వచ్చి కూర్చున్నారు. లోర్నా జరిగింది చెప్పింది. రెంగీల్ తల తువ్వాలు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. సెత్సుకో ముఖం కనబడలేదు, పాపిడి మాత్రమే కనబడింది.

"మా అమ్మ నేర్పిందే నేర్పాను. ఆ రోజు మీ బదులు నేను మాట్లాడి ఉంటే..."

"మీరు అడిగారు టీచర్. నేనే వద్దన్నాను. తలెత్తండి, అందరూ చూస్తున్నారు."

ఆమె తలెత్తలేదు.

ఆదివారం పూజ అయ్యాక డెస్మండ్ అక్కను కారులో ఇంట్లో దింపాడు. వేళాకోళం చెయ్యలేదు.

"సముద్రంలో కలిపేద్దామా అక్కా? తాత ఉన్నది అందులోనేగా."

"నాన్న ఏనాడన్నా నీళ్ళలో కాలు పెట్టాడా?"

వాళ్ళ నాన్న ఎనభై ఏడేళ్ళూ ఆ ఊళ్ళో బతికి, ఒక్కనాడూ పడవెక్కలేదు. వీపు సముద్రం వైపు పెట్టుకునే వరండాలో కూర్చునేవాడు.

డబ్బా మేరీమాత పక్కన అలాగే ఉంది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం, చెయ్యకూడదనుకుంటూనే లోర్నా ఆ నంబరు నొక్కింది. ఒక ఆడగొంతు పలికింది, యంత్రంలోంచి. తమరు చేసిన నంబరు ప్రస్తుతం వాడుకలో లేదని, దయచేసి సరిచూసుకుని మరల ప్రయత్నించమని, ఎంతో మర్యాదగా చెప్పింది. లోర్నాకు ప్రతి మాటా అర్థమైంది. ఒక్క మాట దగ్గరా తడుముకోవలసిన పని లేకపోయింది. ఆ గొంతు చెప్పిందే మళ్ళీ చెబుతుంటే ఆమె అలవాటు కొద్దీ తల వంచి, శ్రమ ఇచ్చాను, క్షమించండి అని జపానులో చెప్పి, ఫోను పెట్టేసింది.