పసుపు అంటిన ఆంప్లిఫయర్

రాక్ సంగీతం గురించి రాసేవాళ్లకు తిరుగుబాటు అనే మాట లేకుండా పేరా ముందుకు సాగదు. విన్సెంట్ దేనిమీదా తిరగబడలేదు. నలభై దాటిన మనిషి. వరంగల్ చౌరస్తా దగ్గర కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. పొద్దున షట్టర్ లేపుతాడు, మధ్యాహ్నం భార్య గ్రేస్ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా విప్పుతాడు, ఆదివారం కాజీపేటలో చర్చికి పోయి, పాటలు పాడే క్వయిర్ వెనక నిలబడి ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాడు. తీరిక దొరికితే ‘డీజిల్ షెడ్’ అనే బ్యాండులో అదే గిటారును చెవులదిరేలా వాయిస్తాడు. ఈ రెంటికీ మధ్య ఆయనకెప్పుడూ పేచీ కనిపించలేదు. పేచీ ఉందని చెప్పేవాళ్లకు మాత్రం కొదవ లేదు.

బ్యాండు పేరు వెనక లోతైన ఆలోచనేమీ లేదు. విన్సెంట్ నాన్న కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టర్. ఇంజన్లు పరీక్షించే చప్పుడు వింటూ పెరిగిన పిల్లవాడికి గిటార్ కాస్త గరగరలాడితేనే గిటార్ అనిపించింది. చర్చిలో నేర్పినవాళ్లు మెత్తగా వాయించమన్నారు. మెత్తగానే వాయించాడు. గరగర కోసం వేరే చోటు వెతుక్కున్నాడు, అంతే.

ఆ చోటు హన్మకొండ నయీంనగర్‌లో దొరికింది. మధు అనే కుర్రాడు వాళ్ల ఇంటి మేడమీది గదిలో స్టూడియో పెట్టుకున్నాడు. గోడలకు పాత పరుపులు, కిటికీకి రగ్గు, మూలన డ్రమ్ములు. ఎక్కువగా పెళ్లి వీడియోలకు పాటలు, ఎన్నికలప్పుడు ప్రచార పాటలు రికార్డు చేస్తాడు. ‘డీజిల్ షెడ్’లో బేస్ గిటార్ అతనిదే. బెన్నీ డ్రమ్ములు వాయిస్తాడు. బ్యాంకులో పనిచేసే పద్మలత పాడుతుంది. వీళ్లంతా కలిసి సొంత పాటలతో ఒక ఆల్బం చేస్తున్నారు. చివరి పాటలో గిటార్ సోలో తప్ప అన్నీ అయిపోయాయి.

ఇక్కడ ఒక పెట్టె గురించి చెప్పాలి. ఫొటోల్లో అందరూ గిటారునే చూస్తారు. కాని ఎలక్ట్రిక్ గిటార్ ఒంటరిగా చేసే చప్పుడు దోమ కంటే కొంచెం ఎక్కువ. దానికి గొంతునిచ్చేది ఆంప్లిఫయర్. మధు లాప్‌టాప్‌లో ప్రపంచంలోని ఆంప్‌లన్నిటికీ నకళ్లు ఉన్నాయి. వాటిల్లో ఏదీ విన్సెంట్‌కు నచ్చలేదు. ఆయనకు కావాల్సింది చర్చిలో ఉంది. లోపల గాజు వాల్వులు వెలిగే పాత ఆంప్. ఎప్పుడో సికింద్రాబాద్‌లో ఒక ఆర్కెస్ట్రా మూతపడితే చర్చివాళ్లు తెచ్చుకున్నది. ముందువైపు మీగడరంగు గుడ్డ. వాల్యూం సగం దాటిస్తే అది గొంతు జీరబోయి పలుకుతుంది. చర్చిలో దాన్ని సగం దాకా ఎవరూ తిప్పనివ్వరు గనక అక్కడ ఆ జీర సంగతి విన్సెంట్‌కు ఒక్కడికే తెలుసు. మిగతా పాటలన్నీ దానితోనే అయ్యాయి. సోలోకు ఆంప్ మారిస్తే ఒకే పాటలో ఇద్దరు మనుషులు వాయించినట్టు ఉంటుంది.

ఆంప్ మీద పెత్తనం దీనమ్మది. విన్సెంట్ తల్లికి అక్క. మిషన్ ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేసి రిటైరైంది. చర్చి వాయిద్యాల గది తాళం ఆమె కొంగుకే ఉంటుంది. ప్రతి వాయిద్యాన్నీ ఆమె చెయ్యేసి ప్రార్థించి దేవునికి సమర్పిస్తుంది. ఆ తర్వాత అది దేవుని సొత్తు. దాని మీద లోక పాటలు వాయించకూడదు. లోక పాటలంటే దేవుని పాటలు కానివన్నీ. ‘డీజిల్ షెడ్’ పాటల్లో దేవుడు లేడు. కాజీపేట రైల్వే బ్రిడ్జి కింద ట్రాఫిక్ ఉంది, మిర్చి రేటు ఉంది, ఒక ప్రేమ కూడా ఉంది.

అందుకని విన్సెంట్ అబద్ధమాడాడు. “ఆంప్ గుర్రుమంటాంది పెద్దమ్మా, హన్మకొండల చూపిచ్చుకొస్త” అన్నాడు. ఆమె తాళం తీసిచ్చింది. అలా దసరా సెలవులకు ముందు ఆంప్ మధు స్టూడియో చేరింది, పాటలన్నీ దానితో రికార్డయ్యాయి, సోలో ఒక్కటీ మిగిలింది.

దసరానాడు మధు ఏం చేశాడో చెప్పనక్కర్లేదు. ఆర్టీసీ డ్రైవర్ బస్సుకు చేసేదే, దర్జీ మిషనుకు చేసేదే. మిక్సర్‌కు, మైకులకు, డ్రమ్ములకు, గిటార్లకు, కంప్యూటర్‌కు పసుపు కుంకుమలు పెట్టాడు. తలుపుకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాడు. కరెంటు సామాను కదా అని జాగ్రత్తగా కొబ్బరికాయను మెట్ల మీద కొట్టాడు. మూలనున్న ఆంప్‌ను ఒక్కదాన్ని వదిలేస్తే బాగుండదని దానికీ పెట్టాడు. మిగతా వాటికి గట్టి ఒళ్లు, తుడిస్తే పోతుంది. దీనికి గుడ్డ. తడి పసుపు అరచేతి వెడల్పున లోపలికి ఇంకింది.

మర్నాడు విన్సెంట్ వచ్చి చూసి అక్కడే కూలబడ్డాడు.

“ఏందన్నా, గంత ఫికరెందుకు? మంచిగనే ఉన్నది గదా” అన్నాడు మధు.

“మంచిగ ఉన్నదా? వచ్చే ఆదివారం కోత పండుగ. ఇది చర్చిల ఉండాలె. పెద్దమ్మ చూసిందనుకో, ఇగ జన్మల ఈ పెట్టె బయటికి రాదు. సోలో గంగల కలుస్తది.”

“సోలో ఇయ్యాలనే కొట్టేద్దాం. రేపు ఏమన్న కానీ.”

విన్సెంట్ గిటార్ అందుకున్నాడు. ఒకసారి కాదు, పొద్దంతా వాయించాడు. వేళ్లు సరిగ్గానే పోతున్నాయి. పాట మాత్రం చచ్చి పడి ఉంది. ఎదురుగా మైకు, మైకు వెనక ఆ పసుపు. ప్రతి టేకులోనూ ఆయన కళ్లు అక్కడికే పోయాయి. ఆఖరికి మధు హెడ్‌ఫోన్స్ తీసి, “అన్నా, గిటార్ వాయిస్తానవా, తద్దినం పెడ్తానవా?” అన్నాడు.

అప్పుడు విన్సెంట్‌కు మరక కడుగుదామని బుద్ధి పుట్టింది. తడిగుడ్డతో రుద్దితే అది ఇంకాస్త పాకింది. స్పీకర్ మీదికి నీళ్లు దిగుతాయని మధు గోల పెడితే, స్క్రూలు విప్పి గుడ్డ బిగించిన చట్రాన్ని బయటికి తీశారు. బాత్రూంలో బకెట్ పక్కన సర్ఫ్ డబ్బా కనిపించింది. పిడికెడు పొడి నీళ్లలో కలిపి, గుడ్డమీద పోసి, బ్రష్షుతో గట్టిగా రుద్దాడు.

పసుపు ఎర్రబడింది. మామూలు ఎరుపు కాదు. ఎవరినో పొడిచినట్టు.

అప్పుడే బ్యాంకునుంచి వచ్చిన పద్మలత గుమ్మంలో ఆగింది. “ఎవరిని చంపిన్రు?” అంది. ఎవరూ నవ్వకపోయేసరికి లోపలికొచ్చి చూసి, “గుడ్డ మార్పిద్దాం” అంది. ఫోన్లు చేశారు. నల్లగుడ్డ దొరుకుతుందన్నారు. మీగడరంగు గుడ్డ వరంగల్, హన్మకొండల్లో ఎవరి దగ్గరా లేదు.

ఇంతలో విన్సెంట్ ఫోన్ మోగింది. దీనమ్మ.

“బిడ్డా, నేను హన్మకొండల్నే ఉన్న. రిపేర్ షాపు ఏడున్నదో చెప్పు. నేనే ఆటోల ఏస్కపోత.”

ఒక అబద్ధానికి పనికొచ్చిన నోరు రెండోదానికి రాలేదు. ఆయన నయీంనగర్ అడ్రసు చెప్పేశాడు. ఫోన్ పెట్టేసి, “ఇగ అయిపోయింది” అన్నాడు. చట్రాన్ని రగ్గు వెనక దాద్దామని మధు అన్నాడు. విన్సెంట్ వద్దన్నాడు. ధైర్యం కాదు, ఓపిక లేదు. పొద్దుటినుంచీ ఆయన ఏమీ తినలేదు.

దీనమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. పరుపులు వేలాడే గోడలను, డ్రమ్ములను, మైకులను ఒక్కొక్కటే చూసింది.

“ఇది రిపేర్ షాపా?”

“కాదు పెద్దమ్మా. స్టూడియో.”

గోడకానించిన చట్రం ఆమెకు కనబడింది. దగ్గరికి పోయి వంగి, వేలితో తాకి, వాసన చూసింది.

“రక్తం గాదు” అంది. “బతుకంత థియేటర్ల రక్తమే చూసిన. ఇది పసుపు. దీనికి సబ్బు పెట్టినవు గదా?”

“సర్ఫు.”

“పెండ్లైనకాడి నుంచి గ్రేస్ చీర ఒక్కటన్న పిండినవా? పసుపుకు సబ్బు తగిల్తె ఎర్రగైతదని బట్టలుతికే ఏ ఆడపిల్లనడిగినా చెప్తది.” పద్మలత వైపు తిరిగింది. “నీకు తెల్వదా అమ్మా?”

“మాకు వాషింగ్ మిషన్ ఉన్నది ఆంటీ.”

“మంచిదే. నిమ్మకాయ ఉన్నదా?”

లేదన్నారు. దీనమ్మ కళ్లు తలుపు మీదికి పోయాయి. స్టూలు మీద చెయ్యి ఆనించి, దండలోంచి ఒక నిమ్మకాయ తెంపింది.

“పెద్దమ్మా, అది పూజది” అన్నాడు మధు.

“ఉండనీ. పులుపు పోదు గదా.”

కత్తితో కోసి ఎరుపు మీద పిండింది. ఎరుపు కళ్లముందే వెనక్కి తగ్గింది. పసుపు మిగిలింది. మధు దిష్టి సంగతి మర్చిపోయి రెండో నిమ్మకాయ తానే తెంపిచ్చాడు.

మరక ఉన్నా హత్య లేదు ఇప్పుడు. దీనమ్మ చేతులు తుడుచుకుని స్టూలు మీద కూర్చుంది.

“ఇగ చెప్పు.”

విన్సెంట్ చెప్పాడు. బ్యాండు సంగతి, ఆల్బం సంగతి, ఆంప్ గుర్రుమనలేదన్న సంగతి, సోలో మిగిలిన సంగతి. “లోక పాటలే పెద్దమ్మా” అని కూడా చెప్పాడు, ఆమె అడగకముందే. “తీస్కపోతే తీస్కపో. నేనేమన.”

ఇలాంటి చోట మనం పెద్ద ఉపన్యాసం కోసం ఎదురుచూస్తాం. మతం, కళ, క్షమాపణ, కన్నీళ్లు. దీనమ్మకు అంత ఓపిక లేదు. ముందు మంచినీళ్లడిగింది. తాగి, “ఆ రూలు నేనే పెట్టిన” అంది.

“ఎందుకు పెట్టిన్రు ఆంటీ?” అంది పద్మలత.

“ఎందుకంటె? ఎనుకట మా చర్చిల హార్మోనియం ఉండె. ఒకడు పెండ్లికని అడిగి తీస్కపోయిండు. రీడ్లు ఇరగ్గొట్టుకొచ్చిండు. ఎవడు ఇరగ్గొట్టిండని కమిటీల కొట్లాట. సగం క్వయిర్ పోయి ఇంకో చర్చిల కలిసింది. అప్పటి సంది ఏదడిగినా దేవుని సొత్తు, లోక పాటలకు ఇయ్యం అని చెప్తాన. ఇగ ఎవ్వడు అడగడు.”

విన్సెంట్ అయోమయంగా చూశాడు. “మరి ప్రార్థన చేస్తవు గదా పెద్దమ్మా?”

“చేస్త. ప్రార్థన దేవునికి. రూలు మీకు.”

బెన్నీ అప్పుడే వచ్చి ఏమీ అర్థంకాక గుమ్మంలో నిలబడ్డాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

“నువ్వు చేసిన తప్పేందంటే అబద్ధం చెప్పుడు” అంది ఆమె. “నన్నడిగితే నాలుగు తిట్టి ఇద్దును. ఇప్పుడు ఈ పసుపు మరకతోని ఇది చర్చికి వస్తే ఏమైతది? సెక్రెటరీ సుందర్ రావు ఊకుంటడా? మొదలు మీటింగ్. తర్వాత ఉపవాస ప్రార్థన. తర్వాత ఉపవాస ప్రార్థనకు ఎవరు రాలేదో దాని మీద మళ్ల మీటింగ్. నా మోకాళ్లతోని నేను అన్ని మీటింగులు కూసోలేను.”

“మరి ఎట్ల?”

“పసుపు మరక ఎండకు పోతది. ఈ చట్రం మేడమీద పెట్టు. నాలుగు రోజులకో వారానికో పోతది. అది పోయేదాక పెట్టె ఈడనే ఉండనీ. కోత పండుగకు మామూలు గిటార్ వాయించు. చెవులకు జర సుఖం.”

“సుందర్ రావు అంకుల్ అడిగితే?”

“రిపేర్ల ఉన్నదని చెప్త. ఇప్పుడది నిజమే గదా.”

విన్సెంట్ నేలమీద కూర్చుండిపోయాడు. నవ్వాలో ఏం చెయ్యాలో తెలియక గిటార్ తీగలు శ్రుతి చూసుకోవడం మొదలుపెట్టాడు. శ్రుతి సరిగ్గానే ఉంది.

మధు చట్రాన్ని, రేపు పొద్దున్నే ఎండ తగిలేలా, గది బయట డాబా మీద పెట్టి వచ్చాడు. ముందు గుడ్డ లేని ఆంప్ పళ్లు కట్టించుకోని ముసలాయనలా ఉంది, నల్లటి స్పీకర్ కాగితం బయటికి కనబడుతోంది. గుడ్డ లేకపోతే శబ్దం ఒక పిసరు పదునెక్కుతుంది. మిగతా పాటలతో కలవాలని మధు మైకును స్పీకర్ నడిమి నుంచి అంచువైపు జరిపాడు, వెనక్కీ లాగాడు. విని, ఇంకొంచెం జరిపాడు. “ఇగ అదే గొంతు” అన్నాడు.

దీనమ్మ పోలేదు. పొమ్మని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చేతిసంచిలోంచి దూది తీసి చెవుల్లో పెట్టుకుని స్టూలు మీదే కూర్చుంది.

మొదటి టేకు ఆమె దగ్గుతో పోయింది. రెండోది బాగానే ఉందన్నారు, విన్సెంట్ ఒప్పుకోలేదు. మూడోదానికి ఆయన కళ్లు మూసుకున్నాడు. వాల్యూం సగం దాటింది. వాల్వులు వేడెక్కి ఉన్నాయి. ఆంప్ గొంతు జీరబోయింది, ఆ జీర మీద ఆయన ఒక్క స్వరాన్ని పట్టుకుని, వదలకుండా వంచి, పైకి తీసుకుపోయాడు. పొద్దున చచ్చి పడి ఉన్నది ఇదేనా అనిపించేలా వచ్చింది. చివరి స్వరం దానంతటదే తగ్గిపోయేదాకా ఎవరూ ఊపిరి గట్టిగా తీయలేదు.

మధు హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చి తలూపాడు. ఫైల్ సేవ్ చేశాడు. నమ్మకం చాలక ఇంకో చోట కూడా సేవ్ చేశాడు. పద్మలత చప్పట్లు కొట్టింది. బెన్నీ ఇప్పటికైనా ఏం జరిగిందో చెప్పమన్నాడు.

దీనమ్మ దూది తీసింది. “చెవులు పోయినయి” అంది. “ఆ నడుమ మెల్లగ అయ్యింది గదా, అది బాగున్నది.”

“అది తప్పు పెద్దమ్మా. వేలు జారింది.”

“అయితే మళ్ల జార్చకు” అని లేచింది.

విన్సెంట్ ఆంప్ ఆపేశాడు. అప్పుడు ఆయనకు ఆకలేసింది, పొద్దుటినుంచీ ఆగిన ఆకలంతా ఒకేసారి. కింద సందు మొదట్లో మిర్చీలు వేస్తున్నారని బెన్నీ చెప్పాడు. అందరూ మెట్లు దిగుతుంటే దీనమ్మ సగంలో ఆగి, వెనక తాళం వేస్తున్న మధు వైపు చూసింది.

“వచ్చే దసరాకు బొట్టు పెట్టేదుంటే వెనక చెక్కకు పెట్టు నాయినా. తుడిస్తే పోతది.”

వచ్చే దసరా అంటే ఆంప్ మళ్లీ ఇక్కడికి వస్తుందనేగా. విన్సెంట్ ఆ మాటను గట్టిగా అడిగి చెడగొట్టుకోలేదు. చేయందించి ఆమెను మిగతా మెట్లు దింపాడు.