మాత్రల పెట్టెకు మా బావమరిది పెట్టిన పరీక్ష

అది 2017 జూలై పన్నెండు, బుధవారం. తెల్లవారినప్పటి నుంచీ ముసురు. ఆనాడు తడిసి ముద్దయి మా గుమ్మమెక్కిన మా బావమరిదికి ఉన్నది ఒకే ఒక్క గుణం: ఎవరు ఎవరో రుజువు కానిదే మనిషినీ నమ్మడు, యంత్రాన్నీ నమ్మడు.

ఇళ్ళలో ఇంటర్నెట్‌తో నడిచే పరికరాలు బిగించడం అతని వృత్తి. ఒకసారి సొంత అక్క, అనగా నా భార్య, ఫోన్ చేస్తే నిలదీశాడు.

"మా అక్కవేనని ఏమిటి నమ్మకం? చిన్నప్పుడు నన్నేమని పిలిచేదానివి?"

"అడ్డగాడిదా అని!"

"ఆఁ, అక్కే. చెప్పు."

అతని ఇంటి గీజరు అతన్నే గుర్తుపట్టకపోతే వారం రోజులు చన్నీళ్ళు పోసుకుని, "నాకే లొంగలేదు, ఎంత బుద్ధిమంతురాలో!" అని మురిసిపోయాడు. ముప్పై యేళ్ళు వ్యాకరణం బోధించినవాణ్ణి, కర్త కనబడని వాక్యాన్ని నేనూ అనుమానిస్తాను. అయితే గీజరుకు స్త్రీలింగమేమిటో... సరే, విషయానికి వస్తాను.

నా భార్య బీపీ మాత్రల పెట్టె కూడా ఇంటర్నెట్‌తో నడిచేదే; రోజూ పొద్దున ఎనిమిదింటికి మోగి తెరుచుకోవాలి. ఆ వారం మూడు రోజులు మాత్రలు పెట్టెలోనే ఉండిపోయాయి. "మోగితే ఆపేసి మరిచిపోయి ఉంటావు" అన్నాను. మొదటి రెండుసార్లూ పోట్లాడిన మనిషి మూడోసారి, "నిజమేనేమోనండీ, నాకు మతి పోతోందేమో" అని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. భయపడి అతన్ని పిలిచాను.

"అక్క మరిచిపోయిందనడానికి రుజువేది, బావగారూ?"

"నేను చెబుతున్నానుగా!"

"మీరు చెప్పడం రుజువెలా అవుతుంది?"

మా ఫోన్లు రెండూ లాక్కుని, ల్యాప్‌టాప్ తెరిచి పెట్టెను గంటసేపు విచారించాడు. "నువ్వెవరివి? నిన్ను ఆగమన్నదెవరు?" నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"ఫ్యాక్టరీవాళ్ళు దీనికీ ఇంకో వస్తువుకీ నెట్‌లో ఒకే చిరునామా, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చారు. దాన్ని ఆపితే ఇదీ ఆగుతోంది. అక్క మతి భేషుగ్గా ఉంది."

"ఆ వస్తువేదోయ్?"

"ఎవరింట్లోదో, ఎవరికి తెలుసు!"

రుజువు లేని మాట అతని నోట వినడం అదే ప్రథమం. అతను పెట్టెకు కొత్త చిరునామా, కొత్త పాస్‌వర్డ్ పెట్టి వెళ్ళిపోయాడు. నా భార్య మాత్రం ఆ పూటంతా నన్ను చూసి ఎందుకో నవ్వుతూనే ఉంది.

ఐదేళ్ళకు, వేరే ఊళ్ళో స్థిరపడిన అతని నుంచి ఉత్తరం వచ్చింది.

"బావగారికి నమస్కారాలు. ఆ ఇంకో వస్తువు మీ టేబుల్ లైటే. ఆ ముసురుకు లైటు వేసుకుని పొద్దున్నే పేపరు చదివి మీరు ఫోన్‌తో దాన్ని ఆర్పినప్పుడల్లా పెట్టె కూడా నోరు మూసుకునేది. అక్కకు అప్పుడే చెప్పాను. 'ఆయనతో అనకురా, చిన్నబుచ్చుకుంటారు. నా మతి నాకుందని తెలిసింది, అది చాలు' అంది. మీరు ఆ ఫ్యాక్టరీదే ఇంకో లైటు కొన్నారని తెలిసి, ఇక చెప్పక తప్పలేదు. నేను వచ్చి పాస్‌వర్డ్ మార్చేదాకా దాన్ని ముట్టుకోకండి; ఈసారి అది ఎవరింటి మాత్రల పెట్టె నోరు మూయిస్తుందో ఎవరికి తెలుసు! అందాకా పేపరు అక్క చదివి వినిపిస్తుంది. మీరు తప్పులు దిద్దకుండా వింటానంటేనే ఒప్పుకుంది."